రోజూ సున్నాకు పడిపోయే బాయిలర్ ప్రెషర్: ముందు నేను తప్పు చూసి, తర్వాత సరిచేసిన కేసు

చలి మొదలయ్యాక నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే. "బాయిలర్‌లో ప్రెషర్ పడిపోయింది, నీళ్లు ఎక్కిస్తే బాగానే ఉంటుంది, మళ్లీ పడిపోతుంది." చాలాసార్లు అరగంటలో తేలిపోయే పని. ఈ కేసు మాత్రం మూడుసార్లు తిప్పింది, అందులో మొదటి ట్రిప్పు పూర్తిగా నా తప్పే. ఆ తప్పు ఈ పని చేసేవాళ్లలో ఎవరైనా చేయగలిగేదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ఇంట్లో బాయిలర్ ఉండి రోజూ గేజ్ చూసుకుంటూ టెన్షన్ పడేవాళ్లకు కూడా పనికొస్తుంది.

బాయిలర్ అంటే స్నానానికి నీళ్లు కాచే గీజర్ మాత్రమే అనుకునేవాళ్ల కోసం ముందు ఒక మాట. ఇది ఇల్లంతా వేడిచేసే బాయిలర్. లోపల కాగిన నీళ్లు పైపుల్లోంచి గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి వెళ్లి, వేడి వదిలేసి, చల్లబడి తిరిగి బాయిలర్‌కే వస్తాయి. అవే నీళ్లు, మళ్లీ మళ్లీ. బయటి గాలి తగలకుండా మూసేసిన చుట్టు ఇది, అందుకే దాన్ని సీల్డ్ సిస్టమ్ అంటాం. ఇందులో నీళ్లు ఖర్చయ్యే పని అంటూ ఏదీ లేదు. ఒకసారి నింపితే ఏడాదికి ఒకట్రెండుసార్లు కాస్త కలపాల్సి రావచ్చు, అంతకుమించి అడుగుతోందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయని అర్థం. సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు గేజ్ 1 నుంచి 1.5 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) మధ్య ఉండాలి, వేడెక్కితే కొంచెం పెరిగి 2 దాకా వెళ్లొచ్చు. 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది. మరీ తగ్గిపోతే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది, స్క్రీన్ మీద ఏదో కోడ్ చూపిస్తుంది.

మొదటి రోజు

రెండంతస్తుల ఇల్లు. గోడకు తగిలించిన కాంబీ బాయిలర్ (ఇల్లు వేడిచేయడంతో పాటు కుళాయి నీళ్లూ కాచే రకం), ఎనిమిదేళ్లది, కింది అంతస్తులోనే ఉంది. తొమ్మిది రేడియేటర్లు, అన్నిటికంటే పైన ఉన్నది బాయిలర్‌కు నాలుగు మీటర్ల ఎత్తులో. పైపులతో కలిపి మొత్తం నీళ్లు 100 లీటర్లు ఉంటాయని లెక్కేసుకున్నాను. ఇంటాయన రిటైరైన పెద్దమనిషి, తలుపు తీస్తూనే చెప్పడం మొదలుపెట్టారు.

"బాబూ, నాలుగు నెలల్నుంచి ఇదే తంతు. పొద్దున లేవగానే చూస్తే ముల్లు సున్నా దగ్గర ఉంటుంది. ఇదిగో ఈ పైపు తిప్పి నీళ్లు ఎక్కిస్తున్నాను. సాయంత్రానికి బాగానే ఉంటుంది, మళ్లీ తెల్లారేసరికి అంతే."

"ఇవాళ కూడా ఎక్కించారా సార్?"

"మీరు వస్తున్నారని పొద్దున్నే 1.2 కి పెట్టాను."

ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను తప్పులో కాలేసింది ఇక్కడే. ఆయన చేతిలో ఒక నోట్‌బుక్ ఉంది, "అన్నీ రాసి పెట్టాను, చూస్తారా?" అని చాపారు కూడా. "తర్వాత చూస్తాను సార్" అని టార్చి తీసుకుని పనిలో పడ్డాను. అదే చూసి ఉంటే ఆ రోజే అయిపోయేది.

పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. బాయిలర్ వెనకో పైనో ఒక ఎర్రటి చదునైన డబ్బా ఉంటుంది, దాని పేరు ఎక్స్‌పాన్షన్ వెసెల్. దాని మీద కారు టైరుకు ఉన్నలాంటి వాల్వ్ ఉంటుంది. టైరు గేజ్ పెట్టి చూశాను, 1.2 చూపించింది. వెసెల్ మీద చీటీలో 1 బార్ అని ఉంది. 'సరే, గాలి ఉంది, ఇది బాగానే ఉంది' అనుకుని ముందుకెళ్లిపోయాను. బయట గోడకు సేఫ్టీ వాల్వ్ పైపు చివర తడిగా ఉంది, కానీ రాత్రంతా వాన కురిసింది, గోడంతా తడే, కింద పొదలు, మట్టి. ఇక లీకు వెతకడంలో పడ్డాను. తొమ్మిది రేడియేటర్ల కిందా పొడి టిష్యూ పెట్టి తుడిచాను, కనబడిన జాయింటల్లా తడిమాను, సింకు కింద అలమరలో తల దూర్చాను.

చివరికి పైన స్నానాలగదిలో ఒక రేడియేటర్ వాల్వ్ దగ్గర చిలుము కనిపించింది, పచ్చగా, పొరలు పొరలుగా. టిష్యూ పెడితే చెమ్మ తగిలింది. దొంగ దొరికాడనుకున్నాను. వాల్వ్ పైనున్న గ్లాండ్ నట్‌ను పావు చుట్టు బిగించాను, చెమ్మ ఆగిపోయింది. ఆయనతో "అయిపోయింది సార్" అని చెప్పి వచ్చేశాను.

రెండో రోజు పొద్దున్నే ఫోను. సున్నా.

ఎక్కడ బుద్ధి పనిచేయలేదంటే

తిరుగుదారిలో ఆలోచిస్తే సిగ్గేసింది. ఒక్క లెక్క వేసుకుంటే చాలు. రాత్రికి రాత్రి ముల్లు సున్నాకు పడిపోవాలంటే, గట్టిగా నింపి ఉన్న సిస్టమ్‌లోంచి కనీసం ఒక లీటరు అటూఇటూగా నీళ్లు పోవాలి. ఆ వాల్వ్ దగ్గరున్నది చెమ్మ. పది పదిహేను చుక్కలు. వేడి పైపు మీద అవీ ఎప్పటికప్పుడు ఆరిపోయి చిలుము మాత్రమే మిగులుతోంది. అది నిజమైన లీకే, కాదనను, కానీ రోజుకు లీటరు తాగే దొంగ అది కాదు. రోజూ లీటరు నీళ్లు ఇంట్లో ఎక్కడైనా కారితే నాలుగు నెలలకు పైకప్పు మీద మరకో, ఉబ్బిన చెక్కో, బూజు వాసనో ఏదో ఒకటి కనబడాలి కదా. ఏమీ లేదంటే నీళ్లు ఇంటి బయటికైనా పోతుండాలి, నేల కిందికైనా పోతుండాలి. లీకు కనబడగానే అదే కారణం అనేసుకోవడం మా పనిలో పాత జబ్బు.

రెండోసారి వెళ్లినప్పుడు టూల్‌బాక్స్ తెరవకుండా ముందు నోట్‌బుక్ అడిగాను. ఆయన ముఖంలో 'ఇప్పటికైనా అడిగావు' అన్న భావం స్పష్టంగా కనిపించింది.

అద్భుతంగా రాశారు. తేదీ, టైము, ముల్లు ఎక్కడుంది, నీళ్లు ఎక్కించారా లేదా. మొదటి పేజీల్లో రెండు వారాలకోసారి నీళ్లు. తర్వాత వారానికోసారి. తర్వాత రోజు విడిచి రోజు. చివరి నెలంతా రోజూ. అంటే ఏదో ఒకటి నిదానంగా పాడవుతూ వచ్చింది, ఒక్కరోజులో పగిలింది కాదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: హీటింగ్ నడుస్తున్న సాయంత్రాల్లో చూసినప్పుడల్లా 2.8, 2.9, ఒకసారి 3. పొద్దున చల్లారాక 0.2, 0.3. మధ్యలో కొన్ని రోజులు ఊరెళ్లి హీటింగ్ ఆపేశారట, అప్పుడు వెళ్లేముందు 1.1, వచ్చాక 1.1. కదల్లేదు!

ఈ ఒక్క లైను దగ్గర రోగం బయటపడిపోయింది. పైపుకో రేడియేటర్‌కో చిల్లి ఉంటే హీటింగ్ ఆపినా నీళ్లు కారుతూనే ఉంటాయి, చల్లారిన పైపులు ముడుచుకుంటాయి కాబట్టి కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ కారతాయి కూడా. ఇక్కడ చల్లగా ఉన్నన్నాళ్లూ బొట్టు పోలేదు. వేడెక్కినప్పుడు ముల్లు 3 కి ఎగబాకుతోంది, తర్వాత చల్లారితే నేలకు పడుతోంది. పోతున్నది వేడిలోనే, 3 బార్ దగ్గరే. అంటే సేఫ్టీ వాల్వ్ దారిన. వాల్వ్ తెరుచుకునేంతగా ప్రెషర్ ఎందుకు పెరుగుతోందంటే దానికి సమాధానం ఆ ఎర్ర డబ్బాలోనే ఉండాలి, నేను 'బాగానే ఉంది' అని వదిలేసిన దాంట్లో.

ఆ డబ్బా ఏం చేస్తుంది

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 20 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వెళ్తే 100 లీటర్లు దాదాపు 101.8 లీటర్లవుతాయి, 10 నుంచి 80 కి వెళ్తే దాదాపు 3 లీటర్లు పెరుగుతాయి. మూసేసిన పైపుల్లో ఆ పెరిగిన నీళ్లకు చోటెక్కడ? నీళ్లను నొక్కి చిన్నవి చేయలేం, గాలిని నొక్కగలం. అందుకే ఆ డబ్బాను మధ్యలో రబ్బరు పొరతో రెండు గదులు చేసి ఒకవైపు గాలి నింపుతారు, రెండోవైపు సిస్టమ్ నీళ్లు ఉంటాయి. నీళ్లు పెరిగినప్పుడు రబ్బరును తోసుకుంటూ గాలిని నొక్కి చోటు చేసుకుంటాయి, చల్లారినప్పుడు గాలి వాటిని వెనక్కి తోస్తుంది. అంతే పని. సంవత్సరాలు గడిచేకొద్దీ ఆ గాలి నిదానంగా తగ్గిపోతుంది, సైకిల్ ట్యూబులో తగ్గినట్టే. గాలి తగ్గిన మేరకు డబ్బాలో ముందే నీళ్లు నిండిపోతాయి. వేడికి పెరిగిన నీళ్లకు చోటుండదు, ప్రెషర్ 3 కి ఎగుస్తుంది, సేఫ్టీ వాల్వ్ లీటరో లీటరున్నరో బయటికి కక్కేస్తుంది. చల్లారాక లోపల అంత మేర నీళ్లు తక్కువ, ముల్లు సున్నా. పొద్దున్నే ఇంటాయన మళ్లీ నింపుతారు, సాయంత్రం వాల్వ్ మళ్లీ కక్కుతుంది. చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే, కాకపోతే ఈ కుండకు చిల్లి వేడెక్కినప్పుడే తెరుచుకుంటుంది.

ఆయన ఇంకో పని కూడా చేస్తున్నారు. రోజూ ఎక్కించలేక విసుగొచ్చి అప్పుడప్పుడు 2 బార్ దాకా నింపేవారట, ఎక్కువ పోస్తే ఎక్కువ రోజులు వస్తుందని. లాజిక్ బాగానే ఉంది కానీ ఇక్కడ తిరగబడుతుంది, ఎందుకంటే ఉన్న కాస్త చోటు కూడా ముందే నిండిపోయి వాల్వ్ ఇంకా తొందరగా తెరుచుకుంటుంది. ఎక్కువ పోసినదంతా అదే సాయంత్రం పొదల్లోకి.

మరి మొదటి రోజు వెసెల్ 1.2 ఎలా చూపించింది? ఆయన పొద్దున్నే సిస్టమ్‌ను 1.2 కి నింపారు. రబ్బరుకు ఒకవైపు నీళ్లు 1.2 తో తోస్తుంటే రెండోవైపు మిగిలిన కాస్త గాలి కూడా 1.2 కే నొక్కుకుని ఉంటుంది. టైరు గేజ్ చూపించింది వెసెల్‌లో నింపిన గాలిని కాదు, వెనకున్న నీళ్ల ప్రెషర్‌ని. బాయిలర్ గేజ్ మీదా 1.2, వెసెల్ మీదా 1.2 అని రెండూ అచ్చంగా ఒకటే కనబడినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నీళ్ల వైపు ప్రెషర్ పూర్తిగా సున్నా చేయకుండా వెసెల్‌లో గాలి కొలవకూడదన్నది నేర్చుకునే రోజుల్లో మొదటి వారం పాఠం. ఎన్నేళ్లయినా తొందరలో మర్చిపోతాం.

రెండో రోజు: ముందు రుజువు, తర్వాత రిపేరు

ఈసారి ఊహ మీద చేయి వేయదల్చుకోలేదు. బయట సేఫ్టీ వాల్వ్ పైపు చివరకు ఒక ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టాను. సిస్టమ్‌ను చల్లగా 1.2 కి పెట్టి, థర్మోస్టాట్ పెంచి, గేజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు దాటేసరికి 1.8. ఆ తర్వాత ముల్లు కళ్లముందే కదులుతోంది, 2.4, 2.7, 2.9. 3 దగ్గరకు రాగానే గోడ అవతల బుస్సుమని చప్పుడు, కాసేపు ఆగి మళ్లీ బుస్సు. రేడియేటర్లన్నీ బాగా కాగాక ఆపేసి వెళ్లి చూస్తే సంచి బరువుగా వేలాడుతోంది. కొలిస్తే లీటరు పైనే. ఇంటాయన సంచిని చేత్తో పట్టుకుని చూస్తూ, "అంటే నేను నాలుగు నెలలుగా చెట్లకు నీళ్లు పోస్తున్నానన్నమాట" అన్నారు.

వేడి నీళ్లతో పనికాదు కాబట్టి కరెంటు ఆపి, బాయిలర్ చల్లారే దాకా ఆగాం. తర్వాత బాయిలర్ కిందున్న సప్లై, రిటర్న్ వాల్వులు (నీళ్లు రేడియేటర్లకు వెళ్లే, తిరిగొచ్చే దారులవి) మూసేసి, బాయిలర్ వరకే నీళ్లు తీసేశాను. గేజ్ సున్నా అయ్యాక వెసెల్ మీద టైరు గేజ్ పెడితే అక్కడా సున్నా. పిన్ను నొక్కాను, నీరసంగా కాస్త గాలి వచ్చింది. నీళ్లు రాలేదు, అది మంచి కబురు. ఆ పిన్నులోంచి నీళ్లు వస్తే రబ్బరు పొర చిరిగిందని అర్థం, అప్పుడు ఎంత పంపు కొట్టినా లాభం లేదు, వెసెల్ మార్చాల్సిందే.

గేజ్ ఉన్న మామూలు సైకిల్ పంపు తగిలించి కొట్టడం మొదలుపెట్టాను. ఇక్కడ డ్రెయిన్ తెరిచే ఉంచాలి. గాలి లోపలికి పోతుంటే రబ్బరు అవతల పేరుకున్న నీళ్లను తోసేస్తుంది, ఆ నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే మళ్లీ మొదటి రోజు చేసిన తప్పే, కొలిచేది నీళ్ల ప్రెషర్‌నే అవుతుంది. నేను కొడుతూ ఉంటే డ్రెయిన్ గొట్టంలోంచి నల్లటి నీళ్లు వస్తూనే ఉన్నాయి, బకెట్లో చూస్తే ఐదు లీటర్ల దాకా ఉన్నాయి. 8 లీటర్ల వెసెల్‌లో ఐదు లీటర్లు నీళ్లే! 1 బార్ చేరాక పంపు తీసేసి ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ కొలిచాను. 0.9 చిల్లర. కొంచెం జారింది.

సబ్బునీళ్లు వాల్వ్ మీద రాస్తే చిన్న చిన్న బుడగలు, ఒక్కొక్కటిగా, నిదానంగా. అసలు నేరస్తుడు అది. రబ్బరు పొర బాగానే ఉంది, పిన్నుండే చిన్న వాల్వ్ కోర్ సీలు పోయి నెలల తరబడి గాలి వదిలేస్తూ ఉంది. కారు టైర్లలో వాడే కోర్ లాంటిదే, వేలి గోరంత వస్తువు. అది మార్చి, మళ్లీ 1 కి కొట్టి, అరగంట ఆగాను. ఈసారి కదల్లేదు. రబ్బరు వాషర్ ఉన్న మూత గట్టిగా బిగించాను, ఆ మూత కూడా ఒక సీలే, అలంకారం కాదు.

వెసెల్‌లో ఎంత గాలి పెట్టాలన్నది చాలామంది అడుగుతారు. బాయిలర్ పుస్తకంలో ఉన్న అంకె మొదటి మాట. లేకపోతే పైనున్న రేడియేటర్ ఎత్తును బట్టి లెక్కేయొచ్చు: పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు 1 బార్, అంటే ఈ ఇంట్లో నాలుగు మీటర్లకు 0.4, దాని మీద కొంచెం కలుపుకోవాలి. చిన్న ఇళ్లలో 0.75 నుంచి 1 వరకు సాధారణం. నీళ్లు ఆ గాలి కంటే 0.2 లేదా 0.3 ఎక్కువగా నింపాలి. అందుకే గాలి 1, నీళ్లు 1.2 అని పెట్టాను.

నింపాక మళ్లీ అదే పరీక్ష. చల్లగా 1.2, అన్నీ కాగాక 1.9. అక్కడే ఆగింది, గంట సేపు చూశాను, 1.9 దాటలేదు. లెక్క ప్రకారం కూడా అంతే రావాలి.

అయినా అయిపోలేదు

వచ్చే ముందే ఆయనకు చెప్పాను. "సార్, ఈ సేఫ్టీ వాల్వ్ నాలుగు నెలలుగా తరచూ, ఈ నెలంతా రోజూ తెరుచుకుంటోంది. ఎప్పుడో ఆపద సమయంలో ఒకసారి తెరుచుకోవడానికి చేసిన వస్తువిది, రోజూ తెరిచి మూయడానికి కాదు. దాని సీటు మీద, అంటే లోపల రబ్బరు ఆనుకుని మూసుకునే చోట, చెత్త ఇరుక్కుని ఉంటే సరిగ్గా మూసుకోదు. సంచి అలాగే ఉంచండి, రేపు పొద్దున చూసి చెప్పండి." నాబు తిప్పి రెండుసార్లు నీళ్లు గట్టిగా వదిలి చూశాను, ఒక్కోసారి దానితోనే చెత్త కొట్టుకుపోతుంది. కానీ ఆ రోజు నా బండిలో ఆ సైజు వాల్వ్ లేదు.

పొద్దున ఫోటో వచ్చింది. ముల్లు 1.1 కి పైన, సంచిలో పెద్ద గ్లాసుడు నీళ్లు. ఈసారి రెండు అంకెలూ ఒకదానికొకటి సరిపోయాయి, పోయిన ప్రెషరెంతో సంచిలో నీళ్లూ అంతే, కాబట్టి ఇంకెక్కడా వెతకాల్సిన పనిలేదు. మూడోసారి వెళ్లి సేఫ్టీ వాల్వ్ మార్చాను. పాతదాన్ని విప్పి చూస్తే సీటు మీద నల్లటి మడ్డి, మధ్యలో రబ్బరు మీద గాడి పడిపోయింది. కారుతున్న సేఫ్టీ వాల్వ్ పైపుకు బిరడా కొట్టేసినవాళ్లను చూశాను, దయచేసి అలాంటి పని కలలో కూడా చేయొద్దు. ఏదైనా తేడా వస్తే ఇంటికి మిగిలిన ఆఖరి దారి అదే.

ఒకటి ఒప్పుకోవాలి. వెసెల్‌తో పాటు వాల్వ్‌ను కూడా రెండో రోజే మార్చేసి ఉంటే మూడో ట్రిప్పు తప్పేది. ఇలాంటి కేసులకు ఇప్పుడు ఆ వాల్వ్ బండిలో ఉంచుకునే వెళ్తున్నాను.

ఆ నల్లటి నీళ్లు

బకెట్లో నీళ్లు చూసి ఆయన భయపడ్డారు. అది ఇనుప తుప్పే, ఎర్రగా కాకుండా నల్లగా ఉండే రకం, అయస్కాంతానికి అంటుకుంటుంది. మూసేసిన సిస్టమ్‌లో మొదట ఉన్న నీళ్లలోని ఆక్సిజన్ కొన్నాళ్లకు అయిపోతుంది, తర్వాత తుప్పు దాదాపు ఆగిపోతుంది. కొత్త నీళ్లు ఎక్కించిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ ఎక్కిస్తున్నట్టే. నోట్‌బుక్ ప్రకారం అరవైసార్లకు పైగా నింపారు. సారికి లీటరు వేసుకున్నా ఉన్న నీళ్లలో దాదాపు సగం కొత్తవి వచ్చినట్టు, తుప్పు పట్టకుండా మొదట్లో కలిపిన ఇన్హిబిటర్ మందు కూడా ఆ మేరకు పలచబడిపోయినట్టు. తుప్పు పట్టేటప్పుడు రేడియేటర్లలో హైడ్రోజన్ గ్యాస్ కూడా పుడుతుంది, అది పైకి చేరి రేడియేటర్ పైభాగం చల్లగా ఉండిపోతుంది. పైగదుల్లో తరచూ గాలి తీయాల్సి వస్తోందని ఆయన చెప్పింది ఇందుకే. గాలి తీసిన ప్రతిసారీ ప్రెషర్ ఇంకొంచెం తగ్గేది, మళ్లీ నీళ్లు, మళ్లీ తుప్పు, మళ్లీ గ్యాస్. గాలి తీసేటప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ లాంటివి ఉండకూడదు, హైడ్రోజన్ మండుతుంది.

సిస్టమ్ పూర్తిగా కడగాల్సినంత మడ్డి లేదనిపించింది, రేడియేటర్ల అడుగు కూడా వేడెక్కుతోంది. రిటర్న్ పైపు మీదున్న అయస్కాంతపు ఫిల్టర్ విప్పి శుభ్రం చేశాను, నల్లటి పేస్టు పిడికెడు వచ్చింది. ఇన్హిబిటర్ కొత్తగా వేశాను, మూడు నెలలకు ఫిల్టర్ మళ్లీ చూడాలని చెప్పాను.

నోట్‌బుక్ ఇంకోలా ఉండి ఉంటే

వేడిలో 3 కి ఎగరకుండా, వేడైనా చల్లనైనా ఒకే తీరున నిదానంగా పడిపోతూ ఉంటే నేను వెసెల్ వైపు చూసేవాణ్ణే కాదు. అప్పుడు చేసే పరీక్ష ఇది: రాత్రి పడుకునే ముందు బాయిలర్ ఆపి, చల్లారాక, కిందున్న సప్లై, రిటర్న్ వాల్వులు రెండూ మూసేయాలి. గేజ్ బాయిలర్ లోపల ఉంటుంది కాబట్టి పొద్దునకు ముల్లు పడిపోతే లీకు బాయిలర్‌లో, నిలబడితే పైపుల్లోనో రేడియేటర్లలోనో. పైపుల వైపు అయితే వాల్వులు తెరిచిన వెంటనే ముల్లు ధబాలున పడుతుంది, చూడగానే తెలుస్తుంది. పైపుల వైపు అని తేలి, ఇంట్లో ఎక్కడా తడి లేకపోతే నేల కింద పైపు మీద అనుమానం, అది వేరే పెద్ద కథ.

బాయిలర్ వైపు అని తేలి, బయట సంచి పొడిగా ఉంటే, మంట వేడిని నీళ్లకు అందించే లోపలి హీట్ ఎక్స్‌ఛేంజర్ మీదకు చూపు వెళ్తుంది. అది పగిలితే నీళ్లు మంట మండే గదిలోకి కారి అక్కణ్ణుంచి కండెన్సేట్ పైపులోంచి (పొగలోని ఆవిరి చల్లబడి నీరైతే బయటికి పోయే పైపు) మురుగులోకి పోతాయి, నేల మీద బొట్టు కనబడదు. బాయిలర్ గంటల తరబడి ఆపి ఉన్నా కండెన్సేట్ పైపులోంచి చుక్కలు వస్తున్నాయంటే దాదాపు అదే. ఆ గది మూత విప్పే పని గ్యాస్ లైసెన్సు ఉన్న మనిషిదే, ఇంట్లోవాళ్లది కాదు.

తగ్గడం కాకుండా ఎవరూ ముట్టుకోకుండానే ప్రెషర్ పెరుగుతూ ఉంటే నీళ్లు ఎక్కించే గొట్టం, అంటే ఫిల్లింగ్ లూప్, సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా కాంబీలో కుళాయి నీళ్లు కాచే ప్లేట్ ఎక్స్‌ఛేంజర్‌కు లోపల సన్నటి రంధ్రం పడింది. లూప్ గొట్టం విప్పేసి చూస్తే రెండిట్లో ఏది కారణమో తేలిపోతుంది. వెసెల్‌లో గాలి సరిగ్గా ఉన్నా వేడిలో 3 కి ఎగురుతుంటే, వెసెల్‌కు వెళ్లే సన్నటి గొట్టం మడ్డితో మూసుకుపోయి ఉంటుంది. నాకు ఒక ఇంట్లో ఇలాగే ఎదురైంది, కొత్త వెసెల్ వేసి కూడా మారకపోతే చివరికి పాత గొట్టమే అని తేలింది. తర్వాత తర్వాత గదులు కలిపి రేడియేటర్లు పెంచిన ఇళ్లలో వెసెల్ బాగానే ఉన్నా సరిపోదు, రిటర్న్ పైపు మీద ఇంకొకటి కలపాల్సి వస్తుంది.

నీళ్లు ఎక్కించడం గురించి

ఇంటాయన ఎక్కించే పద్ధతిలో ఒకటి మార్పించాను. బాయిలర్ కాగి ఉన్నప్పుడు నీళ్లు ఎక్కించేవారు కొన్నిసార్లు. వేడి ఎక్స్‌ఛేంజర్‌కు చన్నీళ్లు తగిలితే దానికి మంచిది కాదు, పైగా వేడిలో గేజ్ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఎంత నింపాలో తెలియదు. చల్లారాక, లూప్ రెండు చివర్ల వాల్వులూ నిదానంగా తెరిచి, 1.2 దగ్గర ఆపి, ముందు ఒకటి తర్వాత ఒకటి పూర్తిగా మూసేయాలి. విడి గొట్టం రకం అయితే పని అయ్యాక దాన్ని విప్పి పక్కన పెట్టేయడం మంచిది, హీటింగ్ నీళ్లు తాగే నీళ్లలోకి వెనక్కి రాకుండా. చాలాచోట్ల నిబంధన కూడా అదే.

ఇక్కడితో నా పని ముగిసింది. మొదటి రోజు తిరిగిన సమయానికి ఆయన దగ్గర ఏమీ తీసుకోలేదు. ఆయన బలవంతం చేశారు కానీ, నోట్‌బుక్ చూడనిది నేను, డబ్బు ఆయనెందుకు ఇవ్వాలి.

ఆరు వారాల తర్వాత ఆయనే ఒక ఫొటో పంపారు. నోట్‌బుక్‌లో కొత్త పేజీ. చల్లగా 1.2, వేడిగా 1.9. కింద లైను కూడా అదే, దాని కింద లైనూ అదే. 'నీళ్లు ఎక్కించిన టైము' అని ఉన్న గడి ఆ పేజీలో పైనుంచి కిందిదాకా ఖాళీ.